నాలుగు అనేలోపు

బట్టీ తలుపు తెరిస్తే ముందు వేడి వస్తుంది, దాని వెనకాలే మేస్త్రి నోరు వస్తుంది. ఆ బుధవారం మాత్రం రెండూ కలిసే వచ్చాయి.

"అమ్మా లెక్కల వదినా! ఒకసారి ఇలా దయచెయ్యి తల్లీ! నీ ఘనకార్యం చూద్దువుగాని!"

లెక్కల వదిన పట్టకారు పూత తొట్టి అంచున పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వెళ్ళింది. కప్పు ముంచిన ప్రతిసారీ "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని పైకే గొణుక్కుంటుంది కాబట్టి ఆ పింగాణీ కార్ఖానాలో చిన్నా పెద్దా అందరికీ ఆమె లెక్కల వదినే. అసలు పేరు జీతం కాయితం మీద ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు.

బట్టీలోంచి లాగిన బండి మీద అరలు అరలుగా కప్పులున్నాయి. అద్దంలా మెరవాల్సినవి సున్నం కొట్టిన గోడలా వెలవెలబోతున్నాయి. ఆమె ఒకటి తీసి వేలితో రాసింది. గరుకుగా ఉంది. ఇంకోటి తీసింది. అదీ అంతే. కింది అరలోది తీసింది. దాని సంగతి చెప్పనే అక్కర్లేదు.

"మొత్తం తొమ్మిది వందలు" అన్నాడు మేస్త్రి. "శనివారం నువ్వు ముంచిన సరుకంతా. శుక్రవారంవి చూడు, పక్క బండి మీదున్నాయి, ముత్యాల్లా ఉన్నాయి. అదే మట్టి, అదే పూత, అదే బట్టీ. తేడా రావాలంటే ముంచిన చెయ్యి ఒక్కటే మధ్యలో ఉంది."

"నా చెయ్యి అదేగా!"

"అదే నేనూ అడుగుతున్నా. శుక్రవారం లేని రోగం శనివారం ఎందుకొచ్చింది దానికి?"

ఆ పనిలో ఉన్న కిటుకంతా ఆ నాలుగంకెల్లోనే ఉంది. ఒకసారి కాల్చిన కప్పు మంచి దాహం మీదుంటుంది. పూత తొట్టిలో ముంచగానే నీళ్ళు గుటగుటా తాగేస్తుంది, నీళ్ళతోపాటు వచ్చిన తెల్లపొడి ఒంటినిండా పేరుకుంటుంది. నాలుగు లెక్కపెట్టి తీస్తే సరిగ్గా గోరంత మందాన కుదురుతుంది. రెండుకే తీస్తే పలచబడి బట్టీలో ఇలా తేలిపోతుంది. ఐదు దాకా ఉంచితే కారిపోయి అరకి అంటుకుంటుంది, ఉలితో కొడితే గాని ఊడిరాదు. గడియారం వైపు చూద్దామంటే కుదరదు, చూపు కప్పు అంచు మీంచి కదలకూడదు. అంచు మునిగిందా, బుడగ కట్టిందా అన్నది చూసుకుంటూనే లోపల లెక్క నడవాలి. ఆ లెక్క ఎవరిది వాళ్ళదే. దాన్ని ఇంతవరకూ ఎవరూ కొలవలేదు, బట్టీ తప్ప.

"నేను ప్రతి కప్పుకీ నాలుగూ లెక్కపెట్టాను" అంది లెక్కల వదిన. "ఒక్క అంకె మింగితే నా నోరు పడిపోవాలి."

"ఒట్లు పెట్టుకోకు. శనివారం నువ్వు అరగంట ముందే పని ముగించావు. అవునా, కాదా?"

"అవును."

"మధ్యాహ్నం మూడుసార్లు నన్ను పిలిచి, గోడ గడియారం ఆగిపోయిందేమో చూడమన్నావు. అవునా, కాదా?"

అదీ నిజమే. ఆ రోజు ఆ గడియారం ముల్లు జిగురులో కూరుకుపోయినట్టు కదిలింది. కప్పులు పేర్చే పలకలు పది నింపి తలెత్తితే, కనీసం గంటన్నర అయుంటుందనుకున్న చోట గంట మాత్రమే అయింది. ఇదేం ఖర్మరా బాబూ అనుకుంది. అంత పొడుగాటి రోజుని ఆమె ఎన్నడూ ఎరగదు.

"ఇంటికి పరిగెత్తే తొందర కాకపోతే గడియారంతో నీకేం పని?" అన్నాడు మేస్త్రి, చుట్టూ చేరినవాళ్ళ వంక చూస్తూ. "రెండు లెక్కపెట్టి నాలుగన్నావు. దానికి పెద్ద చదువులు కావాలా?"

శనివారం ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే పనికొచ్చానని చెప్పాలనిపించింది ఆమెకి. నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. పోయిన నెల కూతురికి బాగాలేక మూడు రోజులు మానేస్తే ఇదే మేస్త్రి, "ఇంకో నాగా పెట్టావో, తొట్టి దగ్గర ఇంకొకళ్ళుంటారు" అన్నాడు. ఇప్పుడు జ్వరమని చెబితే, జ్వరంతో వచ్చి సరుకు పాడుచేశావా అంటాడు. చెప్పకపోతే దొంగ అంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా జ్వరానికీ లెక్కకీ ఏం సంబంధం? జ్వరమొస్తే కాళ్ళు లాగుతాయి, తల పగిలిపోతుంది. నాలుగు నాలుగు కాకుండా పోతుందా?

మధ్యాహ్నం మేనేజరే స్వయంగా తొట్టి దగ్గరికి వచ్చాడు. చెడ్డమనిషేం కాదు, అరవడు, అన్నీ రాసుకుంటాడు. చేతిలో ఆటల పోటీల్లో వాడే గడియారం ఉంది, మీట నొక్కితే నడిచేది, మళ్ళీ నొక్కితే ఆగేది.

"పది కప్పులు ముంచమ్మా. రోజూ ముంచినట్టే ముంచు. నేను చూస్తాను."

కార్ఖానా అంతా గుమిగూడింది. తొట్టి పక్క బల్ల మీద స్పాంజితో కప్పుల అడుగులు తుడిచే ముసలాయన, అందరికీ బాబాయి, ఆయన కూడా చెయ్యి ఆపాడు. ముంచిన కప్పు మొదట ఆయన చేతికే వెళుతుంది. అడుగున అంటిన పూత తుడవకపోతే కప్పు బట్టీలో కరుచుకుపోతుంది. రెండేళ్ళ కిందటి దాకా ఆ తొట్టి ఆయనదే. అక్కణ్ణించి ఈ బల్ల మీదికి మూడడుగుల దూరం, అంతే.

లెక్కల వదిన పట్టకారుతో మొదటి కప్పు పట్టుకుంది. ముంచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎత్తింది, మణికట్టు తిప్పి విదిల్చింది, బల్ల మీద పెట్టింది. రెండోది. మూడోది. చెయ్యి చెప్పిన మాట వింది. పదోది పెట్టాక వెనక్కి తిరిగింది.

మేనేజరు కాయితం చూసి తలాడించాడు. "పదికి పదీ నాలుగు సెకన్లే. ఎక్కడైనా పిసరంత తేడా. నమ్మలేకపోతున్నాను."

ఎవరో "శభాష్ వదినా!" అన్నారు. ఆమె ముఖం వెలిగిపోయింది. హమ్మయ్య, గండం గడిచింది అనుకుంది.

"చూశారా సార్!" అన్నాడు మేస్త్రి. అతని ముఖం ఇంకా ఎక్కువ వెలిగింది. "చేతకాదంటే పోనీలే అనుకుందుం. ఇంత చేతనైన మనిషి శనివారం చెయ్యలేదంటే, చెయ్యదలుచుకోకే కదా!"

శభాష్ అన్నవాళ్ళు నవ్వు మింగేశారు. తన పనితనమే తన మెడకి చుట్టుకుంటుందని ఏ మనిషైనా కలగంటుందా?

మేనేజరు బాబాయి వైపు తిరిగాడు. "శనివారం కప్పులన్నీ మీ చేతి మీదుగానే వెళ్ళాయి కదా. మీకేమైనా తేడా అనిపించిందా?"

బాబాయి స్పాంజిని పిండాడు. ఉన్న నీళ్ళన్నీ పోయినా పిండుతూనే ఉన్నాడు. ఆమె ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆమె నోటి లెక్క శనివారం పక్కనే ఉండి విన్న మనిషి ఆయనొక్కడే. ఒక్క మాట చాలు.

"నాకేం తెలుస్తుందయ్యా" అన్నాడు చివరికి. "నన్నడగకండి."

మేనేజరు రాసుకున్నాడు. సోమవారం నుంచి ఆమె పెంకుల గుట్ట దగ్గర పనిచెయ్యాలన్నాడు. పగిలినవీ వంకరపోయినవీ ఏరి, పొడి చెయ్యడానికి మరలో వేసే చోటు అది. పని తప్పినవాళ్ళని పంపే చోటని అందరికీ తెలుసు. కూలి కాస్త తగ్గుతుంది, కానీ ఆమెకి ఆ సంగతి తోచనే లేదు. తొమ్మిది వందల సార్లు అబద్ధం లెక్కపెట్టిన మనిషని ఆ గుట్ట మీద నిలబెడుతున్నారు. అది తోచింది.

ఇంటికి నడుస్తూ దారిపొడుగునా బాబాయినే తిట్టుకుంది. పగ! ముసలాడి కడుపులో రెండేళ్ళుగా దాచుకున్న పగ! నా చోటు లాక్కున్నావు కదా, నువ్వూ దిగు అనుకున్నాడు. మణికట్టు పట్టుకుని పని నేర్పిన చెయ్యే ఇలా చేసిందంటే, ఇక ఎవరిని నమ్మాలి?

గురువారం సాయంత్రం ఇంట్లో గోరుచుట్టు మీద రోకటిపోటు. మొగుడు జ్వరంతో మంచమెక్కాడు. ఆయన ముక్కు కారినా ఊరంతా పలకరించాలి. జ్వరమొస్తే ఇక చెప్పేదేముంది! ఆడపడుచు ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది. అన్నగారి నాలుక కింద థర్మామీటరు పెట్టి, చేతి గడియారం చూస్తూ మంచం అంచున కూర్చుంది.

అర నిమిషం కాలేదు, ఆయన థర్మామీటరు నోట్లోంచి లాగేశాడు. "ఎంతసేపే! గంటనించీ పెట్టావు. మర్చిపోయావా?"

"పెట్టి ముప్ఫై సెకన్లు కాలేదు అన్నయ్యా. నోరు మూసుకో."

"ముప్ఫై సెకన్లా? నిమిషం దాటిపోయింది, నేను లెక్కపెడుతున్నా!"

ఆడపడుచు నవ్వేసింది. "వార్డులో జ్వరం వాళ్ళందరిదీ ఇదే గోల, వదినా. మాత్ర అడిగి రెండు నిమిషాలు కాకముందే, పావుగంట అయింది, ఇంకా తేలేదని తగాదా పెట్టుకుంటారు."

లెక్కల వదిన చేతిలో నీళ్ళ గిన్నె ఉంది. అది అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమ్మా, ఆయన చేత అరవై లెక్కపెట్టించు. నువ్వు గడియారం చూడు."

"ఎందుకు వదినా?"

"చెప్తాగా, పెట్టించు!"

ఆయన విసుక్కుంటూనే లెక్కపెట్టాడు. తొందరేం పడలేదు, ఒక్కొక్క అంకే నింపాదిగా, పెద్దమనిషి తరహాలో చెప్పాడు. అరవై అనేసరికి ఆడపడుచు గడియారం పైకెత్తి చూపించింది. నలభై సెకన్లు.

"మీరు తొందరగా లెక్కపెట్టారు" అంది లెక్కల వదిన.

"తొందరేమిటే! పడుకునే ఓపిక లేదు, తొందర కూడానా? ఇంకా మెల్లిగానే పెట్టాను."

మళ్ళీ పెట్టించింది. నలభై ఒకటి. పక్కన ఆడపడుచు లెక్కపెడితే యాభై తొమ్మిది. తను లెక్కపెడితే సరిగ్గా అరవై. మూడోసారి పెట్టమంటే ఆయన దుప్పటి ముసుగేశాడు.

"ఒళ్ళు కాలుతుంటే లోపలి లెక్క పరిగెడుతుంది వదినా" అంది ఆడపడుచు. "గుండె చూడు, ఎలా కొట్టుకుంటోందో. మెదడు కూడా అంతే, వేడెక్కితే దాని అడుగులు దగ్గర దగ్గరగా పడతాయి. బయట నలభై అయ్యేసరికి లోపల అరవై అయిపోతాయి. అందుకే గడియారం నత్తలా నడిచినట్టుంటుంది. మాకు చదువులో చెప్పారు. రోగి మాట అబద్ధమనుకోవద్దు, వాడికి అంతసేపూ నిజంగానే అయిందని."

శనివారం గడియారం, అరగంట ముందే అయిపోయిన పని, తొమ్మిది వందల కప్పులు ఒక్కసారిగా ఆమె ముందు వరస కట్టాయి. ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "నేను అబద్ధమాడలేదు" అంది. "నాలుగూ లెక్కపెట్టాను. నాలుగూ నా నాలుగే."

"ఎవరన్నారు ఆడావని?" అంది ఆడపడుచు కంగారుగా.

ఆమె అంతా చెప్పింది. ఆడపడుచు వింటూ మేస్త్రిని నర్సులకి మాత్రమే వచ్చే తిట్లు తిట్టింది. అవన్నీ అయ్యాక లెక్కల వదిన మెల్లిగా అడిగింది.

"మరి ముసలివాళ్ళకి కూడా ఇలా మారుతుందా? జ్వరం లేకపోయినా?"

"చాలామందికి ఎదురు దారిలో మారుతుంది. లోపలి లెక్క నెమ్మదిస్తుంది. మూడు నిమిషాలయితే చెప్పమంటే, మూడున్నర దాటాక చెబుతారు. వాళ్ళ సంగతి వాళ్ళకి తెలీదు, రోజులే తొందరగా పోతున్నాయంటారు. ఎందుకు?"

"ఏం లేదు" అంది లెక్కల వదిన. గిన్నె కింద పెట్టి, గుడ్డ తడిపి, మొగుడి నుదుటి మీద వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ బయటికి వెళ్ళాక ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి బాబాయి ఎదురుగా కూర్చుంది. నిన్నటి దాకా అయితే ఆయన్ని దులిపేసేది. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"బాబాయ్, శనివారం నాకు జ్వరం."

"తెలుసమ్మాయ్. పలక అందిస్తుంటే నీ చెయ్యి తగిలింది. నిప్పులా ఉంది."

"మరి నిన్న మొన్న ఒక్క మాటా చెప్పలేదేం?"

ఆయన అన్నం డబ్బా మూత పెట్టి పక్కకి జరిపాడు. "ఏం చెప్పను? నువ్వు మూడు కాకముందే తీస్తున్నావనిపించింది. పొద్దున్నించీ అనిపించింది. నోటితో నాలుగూ అంటున్నావు, ఒక్కటీ మింగటం లేదు. కానీ నాకు మూడు కూడా కాలేదు. కప్పు చూస్తే పలచగానే కనిపించింది. పిలుద్దామని రెండుసార్లు నోరు తెరిచాను."

"పిలవాల్సింది!"

"ఎలా పిలవనే?" బాబాయి ఆశ్చర్యంగా చూశాడు. ఆ చూపులో పగ మాట దేవుడెరుగు, కోపం కూడా లేదు. "నా లెక్క పాడైపోయిందని తేలిందిగా. నాకు మూడనిపిస్తే నీకు నాలుగయి ఉంటుంది, నువ్వే కరెక్టు అనుకున్నా. నా లెక్క తప్పిందని చెప్పింది నువ్వే కదమ్మా."

ఆమె తల దించుకుంది. అవును, తనే. రెండేళ్ళ కిందట వరసగా మూడు బట్టీల సరుకు కారిపోయి అరలకి అంటుకుపోతే, మేనేజరు గదిలోకి పిలిచి అడిగారు. అబద్ధం చెప్పాలనుకోలేదు. చూసింది చూసినట్టే చెప్పింది. "బాబాయి కప్పు ముంచి కునుకు తీస్తున్నాడు సార్, తియ్యడం మర్చిపోతున్నాడు" అంది. కప్పు తొట్టిలో ఉండగా ఆయన కదలకుండా నిలబడితే, కళ్ళు వాలితే, అది కునుకు కాక మరేమిటి? ఆయన మటుకు ఆయన, నాలుగుకే తీస్తున్నానయ్యా అని మొత్తుకున్నాడు. అచ్చు ఇప్పుడు తను మొత్తుకున్నట్టే.

"లే బాబాయ్" అంది. "మేనేజరు దగ్గరికి వెళ్దాం."

మేనేజరు అంతా విన్నాడు, రాసుకున్నాడు. జ్వరం సంగతి విని కలం ఆపాడు. మేస్త్రి గుమ్మంలో నిలబడి, "ఇదెక్కడి గోల సార్! జ్వరమొస్తే నాలుగు మూడవుతుందా? రేపు జలుబు చేస్తే ఐదవుతుందంటారు!" అన్నాడు.

"ఆవిడ చెయ్యి కాలుతోందయ్యా, నేను ఎరుగుదును" అన్నాడు బాబాయి. "నాలుగూ పూర్తిగా లెక్కపెట్టింది. కాకపోతే గబగబా వచ్చాయి అంకెలు. నాకు అలా వినిపించింది."

మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఇదే గదిలో నువ్వే కదా, ఈయన నిలబడి నిద్రపోతాడని చెప్పింది? ఇవాళ గబగబా అన్నావో మెల్లిగా అన్నావో చెప్పడానికి ఆయన్నే సాక్షిగా తెస్తే, ఏది నమ్మమంటావు?"

మేస్త్రి పెదవుల చివర నవ్వాడు. నిజమే మరి. బాబాయి లెక్క తప్పయితే ఆమె పెంకుల గుట్టకి పోవాలి. బాబాయి లెక్కకి విలువుందంటే, ఆ తొట్టి దగ్గర రెండేళ్ళుగా తను నిలబడ్డ చోటు ఎలా వచ్చిందో తన నోటితోనే చెప్పాలి.

"అప్పుడు నేను చెప్పింది తప్పు సార్" అంది. "ఆయన నిద్రపోలేదు. నాలుగే లెక్కపెట్టాడు. నాకు జ్వరంలో నాలుగు తొందరగా వచ్చినట్టే, ఆయనకి వయసుతో నాలుగు ఆలస్యంగా వచ్చింది. నాకు తెలీక, చూసిందే నిజమనుకున్నాను. ఆయన కప్పు ముంచి నిలబడ్డప్పుడు కళ్ళు వాల్చింది నిద్రకి కాదు, అంచు చూడ్డానికి. నేనూ అలాగే వాలుస్తాను. నాకు నేర్పింది ఆయనే."

మేస్త్రి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"అయితే ఆ తొట్టి ఎవరిదంటావు?" అన్నాడు మేస్త్రి.

"ఆయనది" అంది. అనేశాక మాట వెనక్కి తీసుకోలేదు.

మేనేజరు అంత దూరం పోలేదు. సెకనుకోసారి గట్టిగా టిక్కుమనే బల్ల గడియారం ఒకటి కొనిపించి తొట్టి మీద అరలో పెట్టిస్తానన్నాడు. చూపు కప్పు మీదే ఉంచి, చెవితో నాలుగు వినొచ్చన్నాడు. సోమవారం నుంచి ఒక పలక ఆయన, ఒక పలక ఆమె. ఒళ్ళు బాగాలేనివాళ్ళని పనిలోకి రానివ్వొద్దని, నాగా కింద రాయొద్దని మేస్త్రికి చెప్పాడు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఎవరి లెక్క వాళ్ళదే అని గొప్పలు పోయిన కార్ఖానాలో ఒక గడియారం కొనడానికి ఎవరికీ ఎందుకు తోచలేదో ఆ భగవంతుడికే తెలియాలి.

బయటికొచ్చి ఇద్దరూ తొట్టి దాకా నడిచారు. ఆమె క్షమించమని అడగాలనుకుంది. మాట పెదవుల మీదికి వచ్చేలోపు బాబాయే ఆగాడు.

"అయితే నేను నిద్రపోలేదంటావా?"

"లేదు బాబాయ్. ఒక్క రోజు కూడా."

"నిజంగానా? నువ్వు నన్ను ఊరడించడానికి అనటం లేదు కదా?"

"నిజం. మా ఆడపడుచు చెప్పింది. నువ్వు ఏమీ మర్చిపోలేదు."

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటిని చూసుకున్నాడు. "నేను నమ్మానమ్మాయ్. నిలబడి నిలబడి నాకు తెలీకుండానే కన్ను పడుతోందని నమ్మాను. నువ్వు అబద్ధం చెప్పవు కదా అనుకున్నా. ఆ సాయంత్రమే సైకిలు అటకెక్కించేశాను. తొక్కుతూ తొక్కుతూ కునుకు పడితే? వెనక మీ పిన్ని కూర్చుంటుంది. దానికి మోకాళ్ళు వంగవు, నడవలేదు. వారం వారం దాని చెల్లెలింటికి తీసుకెళ్ళేవాణ్ణి. రెండేళ్ళుగా అది గుమ్మం దాటలేదు."

లెక్కల వదిన ఆయన పక్కన కూర్చుంది. పొద్దున్నే ఆయన కాలినడకన వస్తుంటే ఒంటికి మంచిదని నడుస్తున్నాడనుకుంది. ఎన్నిసార్లు ఎదురుపడినా ఒక్కసారీ అడగలేదు. తన నోట్లోంచి వచ్చిన ఒక్క మాట ఎవరింటి గుమ్మానికి అడ్డుపడిందో ఆమెకి ఇప్పటి దాకా తెలియలేదు.

"సైకిలు దింపు బాబాయ్" అంది. "పిన్నిని తీసుకెళ్ళు. ఈ ఆదివారమే వెళ్ళండి."

బాబాయి తలాడించాడు. తరవాత ఆమె వైపు చూసి, మొహమాటంగా, ఏదో పెద్ద సాయం అడుగుతున్నట్టు అన్నాడు.

"సాయంత్రం ఒకసారి ఇంటికి రాగలవా? దానికి నువ్వే చెప్పాలి. నేను చెబితే సైకిలెక్కదు. నిద్రపోతున్నాడని అప్పుడు చెప్పింది నువ్వేనని దానికి తెలుసు."